విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా, జెండాల వెంట

శుక్రవారం, విజయనగరం

జనవరి నెలాఖరులో ఉత్తరాంధ్ర రోడ్ల మీద కనబడినన్ని జెండాలు మరెప్పుడూ కనబడవు. రథసప్తమికి కాషాయం తోరణాలు కడుతుంటారు, రిపబ్లిక్ డే జెండాలు కొట్ల ముందు వేలాడుతుంటాయి, పార్టీలవి ఎలాగూ ఏడాది పొడుగునా ఉండేవే. చిన్నప్పటి నుంచీ జెండా కనబడితే చాలు, ఇది ఎవరు కట్టారు, ఎవరు చూడాలని కట్టారు అని ఆలోచించడం నాకు అలవాటు. ఆ ప్రశ్న పట్టుకునే ఇచ్ఛాపురం దాకా వెళ్లొద్దామని బయల్దేరాను. తోడు మా బావమరిది. ఈ చుట్టుపక్కల వాడు తిరగని ఊరు లేదు, బండీ వాడిదే.

గంటస్తంభం దగ్గర ఒక సందులో దర్జీ కొట్టు ముందు ఆగాం. ఈ వారమంతా జాకెట్లు పక్కన పెట్టేసి జెండాలే కుడతాడట. చిన్న సైజువి రెడీమేడ్‌గా దొరుకుతాయి కాబట్టి ఇతని దగ్గరికొచ్చేది కొలత చెప్పి కుట్టించుకునేవాళ్లే: బడులు, ఆఫీసులు, కొన్ని అపార్టుమెంట్లు. పొడుగు, ఎత్తు మూడుకి రెండు వంతుల్లో ఉండాలన్నది నియమం. అంటే మూడడుగుల జెండాకు ఒక్కో రంగు పట్టీ 8 అంగుళాలు. కుట్టుకి అర అంగుళం వదిలి కోస్తాడు. కర్ర వైపు తాడు దూర్చడానికి గట్టి గుడ్డ వేస్తాడు. ఎగిరే వైపు అంచుకి మాత్రం మూడు కుట్లు. "గాలి ముందు తినీసేది ఈ కొసనే బాబూ" అని వేలితో చూపించాడు.

గుడ్డ పాలిస్టర్. 2021 డిసెంబరు 30న ఫ్లాగ్ కోడ్ సవరించేదాకా చేత్తో వడికి చేత్తో నేసిన గుడ్డతోనే జాతీయ జెండా కుట్టాలి. ఇప్పుడు పాలిస్టర్‌కీ మిల్లు గుడ్డకీ కూడా అనుమతి ఉంది. ధర తగ్గి జెండా ప్రతి ఇంటికీ చేరినందుకు సంతోషమే, కానీ రాట్నానికీ జెండాకీ ఉన్న ఆ పేగుబంధం తెగినందుకు నాకు బాధగానే ఉంది. ఇంకో మార్పు మాత్రం మనస్ఫూర్తిగా నచ్చింది. 2002 జనవరి 26న అమల్లోకి వచ్చిన కోడ్ వల్ల మామూలు మనిషి ఏ రోజైనా తన ఇంటి మీద జెండా ఎగరేసుకోవచ్చు. అది ప్రాథమిక హక్కేనని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది.

అతని బల్ల మీద మూడు తానులున్నాయి. కాషాయం తానులోంచే హనుమంతుడి జెండాకి మూడుమూలల గుడ్డ కోస్తాడు. పచ్చ తానులోంచే దర్గాకి కుడతాడు. కత్తెర ఎటు తిరిగితే అటు. చక్రం అచ్చు ఒక వైపే పడితే ఆ గుడ్డ పక్కన పడేస్తాడు, రెండు వైపులా 24 ఆకులూ లెక్కకి దొరకాలంటాడు.

సాయంత్రం బాబామెట్టకి వెళ్లాం. ఖాదర్ వలీ బాబా దర్గా దగ్గర పచ్చజెండా కింద బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని నిలబడి ఉన్నారు. ఈ ఊళ్లో అది వింతేమీ కాదు. జ్వరం తగ్గాలనో, పరీక్ష పాసవ్వాలనో మొక్కుకుని వస్తారు. ఆ జెండాని వాళ్లు మతం గుర్తుగా చూడరు, అక్కడికెళ్తే కష్టం వింటారన్న గుర్తుగా చూస్తారు.

శనివారం, బొబ్బిలి, రాజాం, పొందూరు

1757లో బొబ్బిలి యుద్ధం జరిగింది జనవరి 24నే. మేం స్మారక స్తూపం దగ్గరికి చేరిందీ అదే తేదీన. విజయనగరం విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోటని రోజంతా కొట్టాయి. లొంగిపోతే ప్రాణాలతో వదిలేస్తామన్నా లోపలివాళ్లు ఒప్పుకోలేదని చరిత్రలో ఉంది. తమ ఆడవాళ్లనీ పిల్లల్నీ తామే చంపుకుని కత్తులు దూశారు. తెల్లజెండా ఎత్తని కోట అది. వాళ్ల పౌరుషాన్ని తలుచుకుని పొంగిపోతూ పెరిగినవాణ్ణే, కానీ ఆ స్తూపం ముందు నిలబడితే నాకు ముందు గుర్తొచ్చింది ఆ పిల్లలే. రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడికి కబురు అందేసరికి అంతా అయిపోయింది.

మేమూ రాజాం మీదుగానే పొందూరు చేరాం. సన్న ఖాదీకి పేరున్న ఊరు. అక్కడొక అవ్వ వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతోంది. ఆ దవడకుండే సన్నటి పళ్ల మధ్య నుంచి గింజ చుట్టూ ఉన్న పోగులన్నీ ఒకే వైపుకి తిరిగి తళతళమంటాయి. తర్వాత దూది ఏకి, ఏకులు చుట్టి, అవి నలగకుండా అరటి దొప్పలో పెట్టుకుని వడుకుతారు. నూరో నంబరు నూలు, అంటే మహా సన్నటి నూలు, తీసే చేతులవి. ఈ గుడ్డ పంచెలకీ చీరలకీ వెళుతుంది. జెండాకి కావలసింది ఇంత సన్నం కాదు. ఎండకీ గాలికీ ఆగే దిట్టమైన ఖాదీ కావాలి. దానికి పేరు కర్ణాటకలోని హుబ్బళ్లిది. అయినా ఆ అవ్వ దగ్గర కూర్చున్నంతసేపూ, 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా చూపించినప్పుడు దానిమీద రాట్నం ఎందుకు ఉండాలనుకున్నారో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పొందూరు దాటాక రైల్వే గేటు పడింది. పక్కన టీ కొట్లో ట్రాక్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన పరిచయమయ్యాడు. ఈ ప్రయాణంలో నాకు ఎక్కువ నేర్పినవాడు ఆయనే, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

రైలుకి ఆకుపచ్చ జెండాని కదపకుండా నిలకడగా పట్టుకుంటే పోవచ్చని. అదే జెండాని పైకీ కిందికీ ఊపితే జాగ్రత్తగా నెమ్మదిగా రమ్మని. ఎర్రజెండా చూపిస్తే ఆగమని. చేతిలో జెండా లేని సమయంలో ప్రమాదం కనబడితే రెండు చేతులూ తల మీదికి ఎత్తి నిలబడాలి, అదీ ఎర్రజెండా కిందే లెక్క. చలికాలంలో పట్టాలు ముడుచుకుంటాయి, అతుకుల దగ్గర బిగువు పెరిగి చిట్లుతాయి. అందుకే ఈ నెలల్లో రాత్రంతా పెట్రోలింగ్ చేస్తారు. అలాంటి ఒక తెల్లవారుజామున, మంచులో, ఈయనకి విరిగిన పట్టా కాలికి తగిలింది. జతగాణ్ణి అక్కడే కాపలా పెట్టి బండి వచ్చే వైపుకి పరిగెత్తాడు. 1200 మీటర్ల దూరంలో, పది మీటర్లకి ఒకటి చొప్పున మూడు డిటోనేటర్లు పట్టా మీద బిగించాలి. ఇంజను చక్రం ఎక్కగానే అవి పేలుతాయి, డ్రైవరు బ్రేకు వేస్తాడు. మంచులో జెండా కనబడదు కదా, ముందు చెవికి చెప్పి తర్వాత కంటికి చూపించాలి.

"బండి ఆగిందా?" అని మా బావమరిది ఆత్రంగా అడిగాడు.

"ఆగకేటి నాయనా. జెండా సూపించినోడు గేంగుమేనా, డీఆర్ఎమ్మా అని డ్రైవరు అడగడు. ఎరుపు కనబడితే ఆపుతాడు, అంతే."

డీఆర్ఎం అంటే రైల్వే డివిజన్‌కంతా పెద్ద అధికారి. ఆ మాట నాకు బాగా నాటుకుపోయింది. నెలకి ఇంత అని జీతం తీసుకునే కూలీ చేతిలోని అడుగున్నర గుడ్డ, వెయ్యి మంది ఉన్న బండిని ఆపుతుంది. ఆపమన్నవాడు ఎవరన్న ఆరా తర్వాత. ముందు నమ్మాలి. ఆ నమ్మకం ఎప్పుడూ చెడకూడదు కాబట్టే ఎర్రజెండాని ఉత్తపుణ్యానికి చూపిస్తే రైల్వేలో పెద్ద తప్పు. గేటు తెరిచారు. మా ముందు ఇనపచువ్వల లారీ ఒకటి కదిలింది. బయటికి పొడుచుకొచ్చిన చువ్వల కొసకి ఎర్రగుడ్డ పేలిక కట్టి ఉంది. మా వాడు బండి వెనక్కి తగ్గించాడు.

ఆదివారం, అరసవల్లి, శ్రీకూర్మం

రథసప్తమి. అరసవల్లిలో అర్ధరాత్రి నుంచే వరసలు. సూర్యనారాయణమూర్తి దర్శనానికి ఒడిశా నుంచి కూడా జనం దిగారు. మేం లోపలికి వెళ్లే ప్రయత్నం చేయలేదు, బయట నిలబడే చూశాం.

పల్లెల నుంచి గుంపులుగా వచ్చినవాళ్లలో ఒకరు పొడుగాటి వెదురుకర్ర పట్టుకుని ముందు నడుస్తున్నారు. దాని కొసకి ఏదో ఒక గుడ్డ: ఒక గుంపుకి గళ్ల తువ్వాలు, ఒకదానికి పసుపు చీర ముక్క, ఇంకోదానికి పిల్లాడి ఎర్రచొక్కా. ఆ గుడ్డ ఎటు పోతే ముసలివాళ్లూ పిల్లలూ అటు. ఒకావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని, "అదుగో మన చొక్కా, దాన్నే సూసుకుంటా నడు గుంటా" అంటోంది. ఏ గ్రంథంలోనూ ఈ జెండా ఉండదు. సాయంత్రానికి ఆ చొక్కా మళ్లీ ఆ పిల్లాడి ఒంటి మీదికే వెళుతుంది. నాకు మాత్రం గుడి మీది పతాకం ఎంతో అదీ అంతే అనిపించింది.

మధ్యాహ్నం దాటాక శ్రీకూర్మం. అక్కడ స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. ధ్వజస్తంభాలు రెండు, తూర్పున ఒకటి, పడమర ఒకటి. మామూలుగా ఏ గుడికైనా ధ్వజస్తంభం ఒకటే ఉంటుంది కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి దాని దగ్గర దణ్ణం పెట్టుకుని, రెండోది కనబడగానే ఆగిపోతారు. బ్రహ్మోత్సవాలకి వైష్ణవాలయాల్లో గరుడుడి బొమ్మ వేసిన గుడ్డని స్తంభం పైకి లాగడం ధ్వజారోహణం. ముక్కోటి దేవతలకీ అదే పిలుపు. ఉత్సవం ముగిశాక దించితే వీడ్కోలు. ఆ రోజు గరుడ ప్రసాదం కోసం పిల్లలు లేనివాళ్లు ఆశగా వస్తారు. మిగతా రోజుల్లో స్తంభానికి గుడ్డ ఉండదు, పైన గంటలు మాత్రం గాలికి మోగుతుంటాయి.

సోమవారం, గార మండలం, కళింగపట్నం

రిపబ్లిక్ డేకి ఒక పల్లెటూరి బడికి వెళ్లాం. సైన్యంలో సుబేదారుగా రిటైరైన ఆ ఊరి పెద్దాయన జెండా ఎగరేయాలి. ఈ జిల్లాలో పటాలానికి మనిషిని పంపని ఊరు అరుదు. ఆగస్టు 15న జెండాని కింద నుంచి పైకి లాగుతారు. జనవరి 26న మాత్రం మడిచి ముందే పైన కట్టి ఉంచుతారు, తాడు లాగితే ముడి విడి విచ్చుకుంటుంది. అందుకే ఆ ముడి అందరికీ ఇవ్వరు. గట్టిగా వేస్తే ఊడదు, వదులుగా వేస్తే గాలికే ఊడిపోతుంది. ముందు రోజు సాయంత్రమే ఆయన బడికొచ్చి, లోపల పూలరేకులు పోసి, తాడుని ఒక మెలిక మాత్రం తిప్పి, వదిలిన కొస లాగితే చాలేలా ముడి వేశాడట. పొద్దున్న లాగగానే విచ్చుకుంది. పిల్లల నెత్తిన బంతిరేకులు రాలాయి.

కార్యక్రమం అయ్యాక పెద్ద పిల్లల్ని పిలిచి జెండా మడవడం నేర్పించాడు. ముందు అడ్డంగా పరవాలి. కాషాయాన్నీ ఆకుపచ్చనీ తెలుపు కిందికి మడవాలి. ఆ తెల్లపట్టీని రెండు వైపుల నుంచీ మధ్యకి మడుచుకుంటూ వస్తే చివరికి చక్రం, దానికి అటూ ఇటూ కాస్త కాషాయం, కాస్త ఆకుపచ్చ కనబడతాయి. అరచేతుల మీద పెట్టుకుని మోయాలి, చంకలో పెట్టకూడదు. ఒక పిల్ల అడిగింది, చనిపోయిన సైనికుల మీద కప్పుతారు కదా తాతా, దాన్ని కూడా కాల్చేస్తారా అని. ఆయన వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు: కాషాయం తల వైపు ఉండేలా కప్పుతారమ్మా, చితి మీదికి గానీ గోతిలోకి గానీ జెండాని పంపరు, ముందే తీసి మడుస్తారు. ఒక స్నేహితుడి ఇంటికి ఆ మడతని తానే చేతుల మీద తీసుకెళ్లి వాళ్లమ్మకి ఇచ్చాడట. ఆ తర్వాత ఆయనా మాట్లాడలేదు, మేమూ ఏమీ అడగలేదు.

కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోటికి సమీపాన వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారులతో చాలాసేపు కూర్చున్నాం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇప్పుడు వేట సాగే కాలమే. ఒడ్డున పడి ఉన్న జెండాకర్రలు చూపించమని అడిగాను. మనిషెత్తు వెదురు, మధ్యలో థర్మాకోల్ దిమ్మ, అడుగున బరువుకి రాయి, కొసకి నల్లగుడ్డ. వల పరిచాక రెండు చివర్లా వీటిని నీళ్లలో వదిలితే నిటారుగా నిలబడి అలల మీద ఊగుతాయి. రాత్రికైతే గుడ్డ పక్కన మినుకుమినుకుమనే బ్యాటరీ లైటు.

"నలుపెందుకు బాబాయ్?" అన్నాను.

"ఎరుపూ పసుపూ ఎండలో కరిగిపోతాయి బాబూ. నలుపే దూరాన ఆనతాది."

ఒక కర్రకి నల్లగుడ్డ కింద చీర అంచు ముక్క ఉంది, ఇంకోదానికి రెండు గుడ్డలు. ఎవరి గుర్తు వాళ్లది. ఆ గుర్తు చూసి పక్క పడవ తప్పుకుని పోతుంది. కాపలా లేని సముద్రం మీద లక్షలు చేసే వలని కాచేది ఆ పేలికే.

ఈ ఊళ్ల నుంచి ఎందరో గుజరాత్ వెళ్లి వేట చేస్తారు. 2018 నవంబరులో అక్కడి సముద్రంలో పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నవారిలో శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులున్నారు. వాళ్లు 2020 జనవరిలో వాఘా దగ్గర గానీ మన నేల తొక్కలేదు. నీళ్ల మీద గీత ఉండదు. దగ్గరికొచ్చిన పడవ మీద వేరే దేశం జెండా కనబడ్డప్పుడే గీత దాటామని తెలుస్తుంది, అప్పటికి చెయ్యగలిగిందేమీ ఉండదు.

తుపాను వస్తే కళింగపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేశారని రేడియోలో వింటూ పెరిగాం. అది గుడ్డ కాదు. పగలు స్తంభానికి శంకువులూ పీపా ఆకారాలూ, రాత్రి ఎరుపూ తెలుపూ దీపాలు. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఇప్పుడు కబురు ఫోన్లోనే వస్తుంది. అయినా ఎన్నో నంబరు ఎగిరిందని అడగడం పెద్దవాళ్లకి పోలేదు.

మంగళవారం, పలాస చుట్టుపక్కల

పలాస దగ్గర బొడ్డపాడులో ఎర్రజెండాల మధ్య అమరవీరుల స్తూపం ఉంది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజనులు కోరన్న, మంగన్నల హత్య తర్వాత శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటం సాయుధమైంది. దాని నాయకుల్లో 1969లో పంచాది కృష్ణమూర్తి, 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో చనిపోయారు. ఆ దారి సరైనదా కాదా అని మా బావమరిదికీ నాకూ ఎన్నో ఏళ్లుగా వాదన. స్తూపం దగ్గర ఇద్దరం ఆ ఊసెత్తలేదు. రైలు పక్కన ఆగమని చెప్పిన రంగు ఇక్కడ లేచి రమ్మని చెప్పింది. ఆ మాట విని లేచినవాళ్లు ఈ వీధుల్లోని పిల్లలే.

అంతకుముందు తరం కథ మందస దగ్గర గుడారి రాజమణిపురంలో ఉంది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఎర్రజెండాని కిసాన్ సభ 1937లోనే తనదిగా చేసుకుంది. కొన్ని రోజులకే, ఏప్రిల్ 1న, జమీందారు అడవిలో కలప కొట్టారన్న గొడవలో పోలీసులు ఊరి మీద కాల్పులు జరిపారు. గర్భిణి సాసుమాన గున్నమ్మ చనిపోయింది. ఊరు ఆమెని వీరగున్నమ్మ అంటుంది. ఇంటికి కట్టెలు తెచ్చుకునే హక్కు కోసం ప్రాణమిచ్చిన మనిషి ఆమె. నాకు చేతనైతే ప్రతి బడి పుస్తకంలో ఆమె పేరు పెడతాను.

బుధవారం, ఇచ్ఛాపురం

ఉద్దానం జీడితోటలు పూతకొచ్చాయి. కంచిలి, సోంపేట, కవిటి వైపు కుర్రాళ్లు ఎందరో ఓడల మీద పనికి వెళతారు. ఇచ్ఛాపురంలో మా బావమరిది స్నేహితుడి తమ్ముడు అలాంటివాడే, సెలవు మీద ఇంట్లో ఉన్నాడు. భోజనం పెట్టి ఫోన్లో ఫొటోలు చూపించాడు.

ఓడని నడిపే గదిలో జెండాల కోసం గళ్లగళ్ల అర ఉంటుంది. అంతర్జాతీయ సంకేతాలకి మొత్తం 40: అక్షరాలవి 26, అంకెలవి 10, మిగిలినవి నాలుగు. పసుపుది ఎగరేస్తే ఓడలో అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, రేవులోకి అనుమతి ఇమ్మని. సగం తెలుపు, సగం ఎరుపుది ఎగిరితే రేవు దారి చూపించే పైలట్ ఓడెక్కాడని. మొత్తం ఎరుపుదైతే ప్రమాదకరమైన సరుకు ఎక్కిస్తున్నారనో దించుతున్నారనో మోసుకెళుతున్నారనో. ఇవన్నీ తుడిచి, చిరిగితే కుట్టి, వేళకి ఎక్కించి దించే పనే ఇతనికి మొదటి ఏడాది ఇచ్చారు.

ఓడ వెనక భాగాన ఎగిరేది అది నమోదైన దేశం జెండా. ఇతను చేసిన ఓడ యజమాని ఒక దేశంవాడు, పనివాళ్లు నాలుగైదు దేశాలవాళ్లు, జెండా పనామాది. పన్నులూ నియమాలూ తేలికని యజమానులు అలా నమోదు చేయిస్తారు. జీతం ఆగినా గాయమైనా ఆ జెండా దేశం చట్టం కిందికే వస్తుంది. ఓడెక్కే ముందు కుర్రాళ్లు అడిగి తెలుసుకోవలసిన మొదటి సంగతి అదేనని నా అభిప్రాయం.

వేరే దేశం రేవులోకి వెళ్లినప్పుడు మర్యాదకి ఆ దేశం జెండాని ముందు స్తంభానికి కుడివైపు కట్టాలి. ఒకసారి ఆ ఓడే విశాఖపట్నం వచ్చింది. అరలోంచి మన జెండా తీసి, పనామా ఓడ మీద మర్యాద జెండాగా కట్టింది ఇతనే.

వాళ్లమ్మకి ఇది అంతకుముందు తెలియనట్టుంది. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. "మన రేవులో, మన జెండా, నువ్వే సుట్టంలాగ కట్టినావేట్రా?"

"తప్పదమ్మా, ఆ ఓడకి మనం పరాయివాళ్లమే కదా. కానీ ఆ రోజు నేనే కడతానని మా మేస్త్రీ బోసన్‌ని అడిగి మరీ తీసుకున్నాను. తలకిందులు కాకుండా రెండుసార్లు చూసుకున్నాను."

ఆవిడ అతనికి ఇంకో గరిటె పప్పు వేసింది. వచ్చే నెల మళ్లీ ఓడెక్కుతున్నాడు. ఈసారి లైబీరియా జెండా. కాంట్రాక్టు కాగితాలు తెచ్చి మాకు చూపించి, జీతం తేడా వస్తే ఎవరికి రాయాలో ఆ పేజీ వాళ్లన్నయ్య చేత ఫొటో తీయించి ఇంట్లో అందరికీ పంపించాడు.